వైనరీలో నచ్చిన వైన్ ఇంటికొచ్చాక ఎందుకు మారిపోతుంది?

వైనరీకి వెళ్లొచ్చినవాళ్ల దగ్గర తరచూ వినిపించే మాట ఒకటుంది. "అక్కడ తాగినప్పుడు ఎంత బాగుందో! అందుకే రెండు సీసాలు తెచ్చుకున్నాం. తీరా ఇంట్లో తెరిస్తే, ఇది అదేనా అనిపించింది." అక్కడ ఒకటి పోసి ఇక్కడ ఇంకొకటి అంటగట్టారని అనుమానించేవాళ్లూ ఉన్నారు. చాలాసార్లు సీసాలో ఉన్నది అదే వైన్. మారింది దాని చుట్టూ ఉన్నవన్నీ.

టేస్టింగ్ రూమ్ మీద ఉన్న గందరగోళానికి మూలం ఇక్కడే ఉంది. అక్కడ పాఠం చెబుతారు, చుట్టాల్లా కూర్చోబెట్టి మర్యాద చేస్తారు, చివర్లో బిల్లు చేతికిస్తారు. బడి, చుట్టాలిల్లు, దుకాణం మూడూ ఒకే గదిలో ఉంటాయి. ఏ మాట పాఠమో, ఏ మాట అమ్మకమో తెలియక కొందరు బిడియపడి తలాడిస్తారు. నేనూ మొదట్లో "మినరాలిటీ" అన్న మాట విని అర్థమైనట్టే తలాడించినవాణ్ణే. ఇంకొందరు ఇదంతా బూటకమని కొట్టిపారేస్తారు. రెండు వైపులా కొంత నిజం ఉంది. అది చూడాలంటే గ్లాసులో ఉన్నదేదో, గదిలో ఉన్నదేదో విడదీసుకోవాలి.

టేస్టింగ్ రూమ్ ఎందుకు పెడతారు

వైన్ తయారయ్యే చోటే, లేదా దానికి అనుబంధంగా వేరే చోట, కొనేముందు రుచి చూపించడానికి పెట్టిన గదే టేస్టింగ్ రూమ్. ఒక్కో గ్లాసులో 30 నుంచి 60 మిల్లీలీటర్ల దాకా పోస్తారు. నాలుగైదు రకాలు వరుసగా పోస్తే ఆ వరుసను "ఫ్లైట్" అంటారు.

సందర్శకులను దృష్టిలో పెట్టుకుని వైనరీని కట్టడం అనే పద్ధతికి అమెరికాలో పేరు తెచ్చినవాళ్లలో రాబర్ట్ మొండావీ ఒకరు. కాలిఫోర్నియాలోని నాపా వ్యాలీలో 1966లో ఆయన పెట్టిన వైనరీలో తయారీ ఎంత ముఖ్యమో, వచ్చినవాళ్లకు తిప్పి చూపించి రుచి చూపించడమూ అంతే ముఖ్యం. మర్యాద వెనక లెక్క కూడా ఉంది. అమెరికాలో 1933లో మద్యనిషేధం ఎత్తేశాక చాలా రాష్ట్రాల్లో మూడంచెల పద్ధతి వచ్చింది. తయారీదారు డిస్ట్రిబ్యూటర్‌కు అమ్మాలి, అతను దుకాణానికి అమ్మాలి, దుకాణం మనకు అమ్మాలి.

దాని ప్రభావం ఎంతో తెలియడానికి ఒక ఊహా లెక్క వేద్దాం. దుకాణంలో సీసా ధర 100 వంతులు అనుకోండి. దుకాణదారు అందులో మూడో వంతు ఉంచుకుంటే 67 మిగులుతాయి. డిస్ట్రిబ్యూటర్ వాటిలో నాలుగో వంతు తీసుకుంటే వైనరీకి చేరేది 50. అదే సీసా టేస్టింగ్ రూమ్‌లో అదే ధరకు నేరుగా మనకే అమ్ముడైతే 100 వంతులూ వైనరీవే. గది అద్దె, జీతాలు, ఒలికిపోయిన వైన్ ఖర్చు తీసేసినా చాలా మిగులుతుంది. పెద్ద డిస్ట్రిబ్యూటర్లు పట్టించుకోని చిన్న వైనరీకి ఇదే ప్రాణాధారం.

రుచి చూడటానికి ఫీజు ఎందుకు అన్న ప్రశ్న కూడా ఇక్కడే వస్తుంది. ఊరికే తాగిపోయేవాళ్లను ఆపడానికని ఒక వాదన. పోసే వైన్‌కూ, మనిషి సమయానికీ ఖర్చుంటుందని ఇంకో వాదన. తమాషా ఏమిటంటే, ఉచితంగా పోసే చోటే మనం ఎక్కువ మొహమాటపడతాం. టెక్సస్ వైనరీల సందర్శకుల మీద చేసి 2009లో ప్రచురించిన ఒక పరిశీలనలో, ఫీజు కట్టనివాళ్లలోనే కృతజ్ఞత, ఏదో ఒకటి కొనాలన్న భావన ఎక్కువగా కనిపించాయి. డబ్బు కట్టినవాడికి లెక్క అక్కడితో తీరిపోయినట్టు ఉంటుంది. ఉచితంగా తాగినవాడు మొహమాటానికి సీసా కొంటాడు. మనసు వేసుకునే లెక్క ఇదీ.

"లోకల్" అంటే ఎంతవరకు లోకల్

కిటికీలోంచి ద్రాక్షతోట కనిపిస్తుంటే, గ్లాసులోని వైన్ ఆ తోటదేనని అనుకోవడం సహజం. అలా కాకపోవచ్చు కూడా. చాలా వైనరీలు ద్రాక్షను వేరే రైతుల దగ్గర కొంటాయి. కొన్ని సొంత తోట లేకుండానే నడుస్తాయి. ఇందులో తప్పేమీ లేదు. లేబుల్ మీద ఏ మాట రాశారన్నదే ముఖ్యం, ఎందుకంటే కొన్ని మాటలకు చట్టం ఉంది, కొన్నింటికి లేదు.

అమెరికాలో సీసా మీద ఒక ద్రాక్ష రకం పేరు వేయాలంటే కనీసం 75 శాతం ఆ రకమే ఉండాలి. యూరోపియన్ యూనియన్‌లో 85 శాతం. అంటే 100 లీటర్ల వైన్‌లో 75 లీటర్లు కాబెర్నే సావిన్యోన్, 25 లీటర్లు మెర్లో ఉంటే, అమెరికాలో దాన్ని కాబెర్నే అని అమ్మవచ్చు, యూరప్‌లో కుదరదు. నాపా లాంటి గుర్తింపు పొందిన ద్రాక్ష ప్రాంతం పేరు అమెరికాలో వేయాలంటే 85 శాతం ద్రాక్ష అక్కడిదై ఉండాలి. "ఎస్టేట్ బాటిల్డ్" అన్న మాట అన్నిటికంటే గట్టిది. ద్రాక్ష మొత్తం వైనరీ సొంతంగా గానీ తన అజమాయిషీలో గానీ పండించినదై ఉండాలి, తోటా వైనరీ రెండూ ఆ గుర్తింపు ప్రాంతంలోనే ఉండాలి.

దీనికి పూర్తిగా వ్యతిరేకం "రిజర్వ్". అమెరికాలో దానికి చట్టపరమైన అర్థమే లేదు, ఎవరైనా వేసుకోవచ్చు. స్పెయిన్‌లోని రియోహా ప్రాంతంలో ఎర్ర వైన్ మీద "రిసెర్వా" అని వేయాలంటే మూడేళ్లు నిల్వ ఉంచాలి, అందులో కనీసం ఒక ఏడాది ఓక్ పీపాలో గడవాలి. వినడానికి ఒకేలా ఉన్న రెండు మాటల మధ్య ఇంత తేడా.

కలపడం మోసమా అని అడిగేవాళ్లు ఉంటారు. ఒకే తోట, ఒకే రకం ఉంటేనే ఆ నేల గుణం తెలుస్తుందని ఒక వర్గం నమ్మకం. ఫ్రాన్స్‌లోని బోర్దో ప్రాంతపు వైన్లలో ఎక్కువ భాగం రెండు మూడు రకాలు కలిపినవేననీ, ఒక ఏడాది ఒక రకం సరిగ్గా పండకపోతే ఇంకోటి ఆదుకుంటుందనీ ఇంకో వర్గం అంటుంది. ఇది అభిరుచుల తేడా. అలాంటిది కానిది ఒక్కటే: సందర్శకుడు ఏమనుకుంటున్నాడో తెలిసీ, అది నిజం కాదని చెప్పకుండా ఊరుకోవడం.

నాలుకకు తెలిసేవి: తీపి, పులుపు, వగరు

ఇక గ్లాసులోకి వెళ్దాం. ద్రాక్షరసంలోని చక్కెరను ఈస్ట్ తిని ఆల్కహాల్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. సుమారుగా లీటరుకు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది. రసంలో లీటరుకు 238 గ్రాముల చక్కెర ఉండి అంతా పులిస్తే 14 శాతం ఆల్కహాల్ వస్తుంది, తీపి మిగలదు. పులియడాన్ని మధ్యలో ఆపి 20 గ్రాములు మిగిలిస్తే ఆల్కహాల్ 12.8 శాతం దగ్గర ఆగుతుంది, కాస్త తీపి ఉంటుంది. ఎండ బాగా కాసే చోట ద్రాక్షలో చక్కెర ఎక్కువ, కాబట్టి అక్కడి వైన్ ఘాటుగా ఉంటుంది. ఇందులో అంతకు మించిన రహస్యం లేదు.

"డ్రై" అన్న మాట దగ్గర అందరూ తడబడతారు. పొడి అని అర్థం చెప్పుకుంటే నవ్వొస్తుంది, ద్రవం పొడిగా ఎలా ఉంటుంది? ఇక్కడ డ్రై అంటే తీపి లేనిదని. అయితే తీపి "లేకపోవడం" అంటే సున్నా కాదు. యూరోపియన్ నిబంధనల్లో లీటరుకు 4 గ్రాముల చక్కెర దాకా డ్రై అనవచ్చు. పులుపు ఎక్కువగా ఉంటే 9 గ్రాముల దాకా వెసులుబాటు ఉంది, కాకపోతే చక్కెర కంటే ఆమ్లం 2 గ్రాములకు మించి తక్కువ ఉండకూడదు. ఉదాహరణకు రెండు వైన్లలోనూ 8 గ్రాముల చక్కెర ఉందనుకోండి. మొదటిదాంట్లో ఆమ్లం 7 గ్రాములు, రెండోదాంట్లో 5. మొదటిది డ్రై, రెండోది కాదు. చక్కెర సమానమే, కానీ పులుపు తీపిని కప్పేస్తుంది. నిమ్మరసంలో ఎంత పంచదార వేసినా తెలియనట్టే. నిబంధన రాసినవాళ్లు కొలత పరికరాన్నే కాకుండా నాలుకను కూడా లెక్కలోకి తీసుకోవడం నాకు నచ్చింది.

బుడగల వైన్ల దగ్గర అదే అధికారులు మనల్ని బాగానే తికమకపెట్టారు. "బ్రూట్" అంటే లీటరుకు 12 గ్రాముల కంటే తక్కువ చక్కెర. "ఎక్స్‌ట్రా డ్రై" అంటే 12 నుంచి 17 గ్రాములు. అంటే ఎక్స్‌ట్రా డ్రై అని రాసి ఉన్నదే ఎక్కువ తీపి.

మూడోది వగరు. ఈ విషయంలో తెలుగువాళ్లకు ఒక సౌకర్యం ఉంది. చాలా భాషల్లో రుచుల లెక్క చెప్పేటప్పుడు వగరును చేదుతో కలిపేసి గందరగోళపడుతుంటారు. మన షడ్రుచుల్లో దానికి సొంత స్థానమే ఉంది. ఎర్ర వైన్ తాగాక చిగుళ్లు, బుగ్గల లోపలి భాగం బిగుసుకున్నట్టు, నోరెండినట్టు అనిపిస్తుందే, అది చేదు కాదు, వగరు. ద్రాక్ష తొక్కల్లో, గింజల్లో ఉండే టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టి ముద్దకట్టిస్తాయి, దాంతో నోట్లో జారుడుతనం పోతుంది. పాలు కలపని చిక్కటి టీ తాగినప్పుడు జరిగేదీ ఇదే. తెల్ల వైన్‌కు రసాన్ని తొక్కల నుంచి ముందే వేరుచేస్తారు, ఎర్ర వైన్‌ను తొక్కలతో కలిపి పులియబెడతారు. అందుకే వగరు ఎక్కువగా ఎర్రదానిదే. కొంత వగరు ఓక్ పీపాల నుంచి కూడా వస్తుంది.

వగరుకు ఇంకో గుణం ఉంది. అది పోగుపడుతుంది. ఒక గుటకకు తెలియనిది నాలుగో గుటకకు గట్టిగా తెలుస్తుంది. తేలికవి ముందు, బరువైనవి తర్వాత పోయడానికి ఇదొక కారణం. టానిన్ దట్టంగా ఉన్న ఎర్ర వైన్ తర్వాత సున్నితమైన తెల్ల వైన్ పోస్తే అది నీళ్లలా అనిపిస్తుంది. తీపి వైన్ తర్వాత డ్రై వైన్ పోస్తే పుల్లగా గుచ్చుతుంది.

వాసన: చెర్రీలు, మిరియాలు, తడి రాయి

పోసేవాళ్లు "ఇందులో మిరియాల ఛాయ ఉంది, వెన్న కూడా తెలుస్తుంది" అంటుంటే, ఇవన్నీ కలిపారా అని అడిగేవాళ్లుంటారు. కలపరు. అవి పోలికలు. కొన్ని పోలికలైతే కవిత్వం కూడా కాదు, అచ్చమైన రసాయన శాస్త్రం. షిరాజ్ అనే ద్రాక్ష రకం వైన్‌లో మిరియాల వాసనకు కారణం రోటండోన్ అనే అణువు, మిరియాల్లో ఉన్నదీ అదే. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు దాన్ని గుర్తించి 2008లో ప్రకటించారు. వాళ్ల పరీక్షల్లోనే తేలిన ఇంకో సంగతి: పరీక్షించినవాటిలో అత్యంత గాఢమైన నమూనాలోనూ దాదాపు ఐదుగురిలో ఒకరికి ఆ వాసన తెలియలేదు. పక్కనున్నవాళ్లు మిరియాలు అంటుంటే మీకేమీ తెలియకపోతే, మీరు నేర్చుకోలేదని కాదు, మీ ముక్కు నిర్మాణమే అలాంటిది కావచ్చు.

వెన్న సంగతి కూడా ఇంతే. పులియడం అయ్యాక బ్యాక్టీరియా మాలిక్ ఆమ్లాన్ని మెత్తటి లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ క్రమంలో వెలువడే డయాసిటైల్‌కు వెన్న వాసన ఉంటుంది. వెనిల్లా వాసన ఓక్ చెక్క నుంచి వస్తుంది. కాబెర్నే, సావిన్యోన్ బ్లాంక్ వైన్లలో పచ్చి క్యాప్సికమ్ వాసనకు కారణం పైరజీన్లు, అవి క్యాప్సికమ్‌లోనూ ఉంటాయి. ఈ మాటలకు అందరికీ ఒకే అర్థం ఉండాలని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో యాన్ నోబుల్ 1980ల్లో వాసనల చక్రం ఒకటి తయారుచేశారు. అందులో "అద్భుతం", "సొగసు" లాంటి మెప్పు మాటలుండవు. ఎదుటివాడు కూడా పోల్చి చూసుకోగల పదాలే ఉంటాయి.

మినరాలిటీ మాత్రం ఇప్పటికీ తెగని వివాదం. సున్నపురాయి నేలలో పండిన ద్రాక్షకు ఆ రాయి రుచే వస్తుందని అమ్మేవాళ్లు చెబుతారు. అలెక్స్ మాల్ట్‌మన్ లాంటి భూగర్భ శాస్త్రవేత్తలు దీన్ని ఒప్పుకోరు. రాళ్లకు వాసన లేదు, మొక్క వేర్లు తీసుకునే ఖనిజాలు వైన్‌లోకి చేరేసరికి రుచి తెలియనంత తక్కువ. అంతమాత్రాన నేలకు పాత్ర లేదని కాదు. నీరు నిలిచే తీరు, వేడి పట్టి ఉంచే తీరు ద్రాక్ష పండే విధానాన్ని మారుస్తాయి. తాగేవాళ్లలో చాలామంది ఆ మాటతో చెప్పదలచుకున్నది బహుశా గట్టి పులుపు, పళ్ల వాసన తక్కువగా ఉండటం. మాట పనికొస్తుంది, దాని వెనక చెప్పే కథే బలహీనమైనది.

గ్లాసు తిప్పినప్పుడు గోడ మీద కారే చారల గురించి కూడా గొప్పగా చెబుతుంటారు. ఆల్కహాల్ నీటికంటే త్వరగా ఆవిరవడం వల్ల తలతన్యతలో తేడా వచ్చి అవి ఏర్పడతాయి. జేమ్స్ థామ్సన్ 1855లోనే దీన్ని వివరించాడు. చారలు ఆల్కహాల్ ఎంతుందో చెబుతాయి, నాణ్యతను కాదు.

గది చేసే పని

గ్లాసులో ఉన్నవి ఇవి. ఇప్పుడు గదిలో ఉన్నవి చూద్దాం. నాకు ఇదే ఎక్కువ ఆసక్తిగా ఉంటుంది.

రంగుతో మొదలుపెడదాం. బోర్దో విశ్వవిద్యాలయంలో వైన్ చదువుతున్న 54 మంది విద్యార్థులకు ఒక తెల్ల వైన్‌ను, వాసన లేని రంగుతో ఎరుపెక్కించిన అదే వైన్‌ను ఇచ్చారు. ఎర్రగా ఉన్నదాన్ని వాళ్లు ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. 2001లో వచ్చిన ఈ అధ్యయనాన్ని "వైన్ నిపుణులు ఎర్రదానికీ తెల్లదానికీ తేడా చెప్పలేరు" అని చాలామంది ప్రచారం చేస్తారు. అది అతి. వాళ్లకిచ్చిన పని రంగు కనిపెట్టడం కాదు, వాసనకు మాటలు ఎంచడం. తేలిందేమిటంటే, కన్ను ముందే చెప్పినదాన్ని ముక్కు వెతుక్కుంటుంది.

ధర సంగతి ఇంకా సూటిగా ఉంది. 2008లో ప్రచురించిన ఒక ప్రయోగంలో ఇరవై మందిని మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి, ఒకే వైన్‌ను వేర్వేరు ధరలు చెప్పి ఇచ్చారు. ఎక్కువ ధర చెప్పినప్పుడు బాగుందన్నారు. ఆనందాన్ని లెక్కగట్టే మెదడు భాగం కూడా ఎక్కువగా స్పందించింది. అంటే మర్యాద కోసం అబద్ధం చెప్పలేదు, వాళ్లకు నిజంగానే బాగుంది.

వరుస కూడా పనిచేస్తుంది. ఆంటోనియా మాంటొనాకిస్, ఆమె సహచరులు 2009లో ప్రచురించిన ప్రయోగంలో రెండు నుంచి ఐదు వైన్ల దాకా పోసి, ఏది నచ్చిందని అడిగారు. నిజానికి అన్ని గ్లాసుల్లోనూ ఒకే వైన్. చాలామంది మొదటిదాన్ని మెచ్చారు. వైన్ గురించి బాగా తెలిసినవాళ్లు, వరుస పొడుగైనప్పుడు చివరిదాన్ని కూడా ఎక్కువగా మెచ్చారు. అంతకుముందు 1997లో ఒక సూపర్‌మార్కెట్‌లో చేసిన ప్రయోగంలో ఫ్రెంచ్ సంగీతం వేసిన రోజుల్లో ఫ్రెంచ్ వైన్, జర్మన్ సంగీతం వేసిన రోజుల్లో జర్మన్ వైన్ ఎక్కువగా అమ్ముడయ్యాయి. సంగీతం వల్లే కొన్నామని ఒప్పుకున్నవాళ్లు బహు కొద్దిమంది.

ఇప్పుడు ఒక టేస్టింగ్ రూమ్‌ను ఊహించుకోండి. ఎదురుగా తోట, మెల్లగా సంగీతం, శుభ్రమైన పెద్ద గ్లాసు, సరైన చల్లదనం, ఓపికగా కథ చెప్పే మనిషి, పక్కన స్నేహితులు, సెలవు రోజు. వీటిలో ఒక్కటీ మోసం కాదు. అన్నీ కలిసి రుచిని పెంచుతాయి.

అయితే నిపుణులంతా బూటకమేనా

వ్యంగ్యంగా రాసేవాళ్లకు బాగా ఇష్టమైన ఉదాహరణ రాబర్ట్ హాడ్జ్‌సన్ అధ్యయనం. సముద్రాలను చదివిన శాస్త్రవేత్త, స్వయంగా వైనరీ యజమాని. కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీల్లో న్యాయనిర్ణేతలకు చెప్పకుండా, ఒకే సీసాలోని వైన్‌ను మూడుసార్లు ఇప్పించాడు. 2008లో ప్రచురించిన ఫలితం: మూడుసార్లూ దాదాపు ఒకే స్థాయి మార్కులు ఇచ్చినవాళ్లు పది శాతం మందే.

ఇంకో వైపూ చూడాలి. వైన్ నిపుణులకిచ్చే మాస్టర్ ఆఫ్ వైన్ అనే అర్హత పరీక్షలో లేబుల్ చూపించకుండా పన్నెండేసి వైన్ల చొప్పున మూడు పేపర్లు పెడతారు. ఏ ద్రాక్ష, ఎక్కడిది, ఎలా తయారైంది, నాణ్యత ఎంత అన్నది వాదించి రాయాలి. బూటకమైతే ఎవరూ పాసవరు, కొద్దిమందైనా పాసవుతున్నారు. బిరడా చెడిపోయినప్పుడు వచ్చే బూజు, తడి అట్టపెట్టె వాసనకు టీసీఏ అనే పదార్థం కారణం. లక్షకోట్ల భాగాల్లో కొన్ని భాగాలున్నా శిక్షణ పొందిన ముక్కు పట్టేస్తుంది.

ఈ రెండూ ఒకదాన్నొకటి ఖండించవు, ఎందుకంటే అవి వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఇది ఏమిటి అన్నది ఒక ప్రశ్న, చెడిపోయిందా అన్నది రెండోది, దీనికి నూటికి 91 ఇవ్వాలా 94 ఇవ్వాలా అన్నది మూడోది. మొదటి రెండింటిలో శిక్షణ బాగా పనిచేస్తుంది. మూడోదాంట్లోనే చెయ్యి వణుకుతుంది. టేస్టింగ్ రూమ్ గోడ మీద బంగారు పతకాలు వేలాడుతుంటాయే, అవి ఈ మూడో ప్రశ్నకు జవాబులు.

నాలుగో ప్రశ్న కూడా ఉంది: మీకు నచ్చిందా? లేబుల్, ధర చూపించకుండా చేసిన ఆరువేలకు పైగా రుచి పరీక్షల ఫలితాలతో 2008లో వచ్చిన విశ్లేషణలో, శిక్షణ లేనివాళ్లు సగటున ఖరీదైన వైన్లను కొంచెం తక్కువగా ఇష్టపడ్డారు. శిక్షణ ఉన్నవాళ్లలో మొగ్గు కొద్దిగా ఖరీదైనవాటి వైపు కనిపించింది.

ఒక పూటలో ఎంత ఆల్కహాల్ లోపలికి వెళ్తుంది

చిన్న చిన్న గుటకలు కదా అనుకుంటాం. లెక్క వేస్తే తెలుస్తుంది. ఐదు గ్లాసులు, ఒక్కోదాంట్లో 60 మిల్లీలీటర్లు అంటే 300 మిల్లీలీటర్లు, 750 మిల్లీలీటర్ల సీసాలో నలభై శాతం. వైన్ 13.5 శాతమైతే అందులో ఆల్కహాల్ 40.5 మిల్లీలీటర్లు, బరువులో దాదాపు 32 గ్రాములు. అమెరికా లెక్కలో ఒక ప్రామాణిక డ్రింక్ 14 గ్రాములు కాబట్టి ఇది రెండుంపావు కంటే కాస్త ఎక్కువ. బ్రిటన్ లెక్కలో నాలుగు యూనిట్లు. శరీరం గంటకు సుమారు ఏడెనిమిది గ్రాములు వదిలించుకుంటుంది, అంటే నాలుగు గంటల పని. 30 మిల్లీలీటర్ల చొప్పున పోస్తే ఇదంతా సగం. ఒకే రోజు రెండు వైనరీలు తిరిగితే రెట్టింపు.

కౌంటర్ మీద బకెట్ ఉండేది ఇందుకే. నోట్లో పుక్కిలించి ఉమ్మేయడం, మిగిలినది పారబోయడం అక్కడ అమర్యాద కాదు. వృత్తిగా రుచి చూసేవాళ్లు రోజంతా చేసే పనే అది. ఉమ్మేసినా నోటి పొరల ద్వారా కొంత లోపలికి వెళ్తుంది, కానీ మింగినదానితో పోలిస్తే చాలా తక్కువ.

ఆరోగ్యం విషయంలో అభిప్రాయం కొన్నేళ్లుగా మారుతోంది. ఎర్ర వైన్ గుండెకు మంచిదన్న మాట 1990ల్లో ఊపందుకుంది. కొద్దిగా తాగేవాళ్లు అసలు తాగనివాళ్లకంటే ఆరోగ్యంగా ఉన్నారని కొన్ని పరిశీలనలు చూపించాయి. తాగనివాళ్ల లెక్కలో జబ్బు చేసి మానేసినవాళ్లు కూడా కలిసిపోయారనీ, అందుకే అలా కనిపించిందనీ విమర్శకులు అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రకటించింది. దాని క్యాన్సర్ పరిశోధన విభాగం మద్యపానీయాలను 1988లోనే క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది.

తలనొప్పికి సల్ఫైట్లు, అంటే వైన్ చెడిపోకుండా వేసే పదార్థాలు, కారణమన్న మాట టేస్టింగ్ రూముల్లో రోజూ వినిపిస్తుంది. సల్ఫైట్ పడనివాళ్లు, ముఖ్యంగా ఆస్తమా ఉన్నవాళ్లు కొందరు ఉన్నారు. కానీ యూరప్‌లో ఎర్ర వైన్‌కు పరిమితి లీటరుకు 150 మిల్లీగ్రాములైతే తెల్లదానికి 200. తలనొప్పి నింద మాత్రం ఎర్రదాని మీదే పడుతుంది. ద్రాక్ష తొక్కలోని క్వెర్సెటిన్ శరీరం ఆల్కహాల్‌ను విరగ్గొట్టడాన్ని అడ్డుకుంటుందేమోనని 2023లో డేవిస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రతిపాదించారు. అది ప్రయోగశాలలో చూసినది మాత్రమే.

ఇంటికొచ్చిన సీసా

మొదట్లో చెప్పిన సీసా దగ్గరికి వద్దాం. ముందుగా చల్లదనం చూడాలి. తెల్ల వైన్ ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పోస్తే వాసన ముడుచుకుని ఉంటుంది. ఎర్రది వేడి గదిలో పోస్తే ఆల్కహాల్ ఘాటు ముక్కుకు కొడుతుంది. టేస్టింగ్ రూమ్‌లో ఎర్ర వైన్‌ను సాధారణంగా 15 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంచుతారు. ఆ తర్వాత గాలి. అక్కడ పోసిన సీసా తెరిచి గంటలు అయ్యుండొచ్చు, గాలి తగిలి వగరు కాస్త మెత్తబడి ఉండొచ్చు. ఇంట్లోది అప్పుడే తెరిచినది. దీనికి తలకిందులుగానూ జరగవచ్చు: అక్కడ పోసినది నిన్నటి సీసా అడుగుదై, కాస్త సప్పగా ఉండి, ఇంట్లోదే మెరుగ్గా తేలవచ్చు. ప్రయాణంలో కుదుపులకు వైన్ కొన్ని రోజులు మూగబోతుందని తయారీదారులు చాలామంది నమ్ముతారు. పైగా సీసా సీసాకూ బిరడా తేడా ఉంటుంది. రెండింటిలో ఒక్కటే బాగోకపోతే అది టీసీఏ పని కావచ్చు.

ఇవన్నీ సమానం చేసినా ఒక తేడా మిగులుతుంది. వైనరీలో మీకు నచ్చినది వరుసలో నాలుగో గ్లాసు. అప్పటికే మూడు గ్లాసుల్లో 180 మిల్లీలీటర్లు, అంటే దాదాపు 19 గ్రాముల ఆల్కహాల్ లోపలికి వెళ్లింది. నాలుక మూడు పోలికలు చూసి ఉంది, చెవి మూడు కథలు విని ఉంది. ఇంట్లో అదే మొదటి గ్లాసు.